రాణీగంజులో యంత్రం బేరం

చీర కొనబోయిన ఆడది పది దుకాణాలు తిరుగుతుందనీ, వంద చీరలు విప్పిస్తుందనీ, చివరికి మొదటి దుకాణంలో మొదట చూసినదే కొంటుందనీ మగవాళ్ళు నవ్వుతారు గదా! నవ్వనివ్వండి. ఆ అలవాటే నాకు లేకపోతే మొన్న ఆషాఢంలో మెదక్ నుంచి పనిగట్టుకుని సికిందరాబాదు వెళ్ళి, రాణీగంజులో ఆరు దుకాణాలెక్కి దిగి, మావారి చేతులకూ మా మనవరాలి విల్లుకూ సరిపడే బెల్టు సాండరు తెచ్చి ఉండేదాన్ని కాను.

బెల్టు సాండరంటే ఏమిటని అడుగుతారు కాబోలు. వడ్రంగులు బల్లలు నున్నగా రుద్దే ఉప్పుకాగితం మీరు చూసే ఉంటారు. దాన్ని పట్టాలాగా గుండ్రంగా అతికించి, రెండు రోలర్ల మీద బిగించి, మోటారుతో తిప్పితే అదే బెల్టు సాండరు. తిరిగే పట్టాకు కర్ర ఆనిస్తే పొడిపొడిగా అరిగిపోతుంది. అంతే సంగతి. అంత చిన్న సంగతికి మా ఇంట్లో నెలన్నర చర్చ జరిగింది.

మావారు ముప్పై రెండేళ్ళు బడిపిల్లలకు వడ్రంగం నేర్పిన క్రాఫ్టు మాస్టారు. ఉద్యోగం తొలిరోజుల్లో నల్లమలలో మన్ననూరు దగ్గర పనిచేశారు. అక్కడ ఒక చెంచు పెద్దాయన విల్లు చేస్తుంటే పక్కన కూర్చుని నేర్చుకున్నారట. ఆ పెద్దాయనకు ఉన్న పనిముట్టల్లా ఒక్క కత్తి. వెదురును దాని నార ఎటు పోతే అటే చీల్చుకుంటూ పోయేవాడట. నారను అడ్డంగా తెగనిచ్చేవాడు కాదట. ఈ కథ నేను పెళ్ళయిన కొత్తలోనే విన్నాను. అప్పుడు "ఊఁ" కొట్టాను గాని, దానిలో ఇంత విషయం ఉందని తెలిసింది ఇప్పుడే.

2023లో హాంగ్‌చౌ ఆసియా క్రీడల్లో మన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ మూడు బంగారు పతకాలు తెచ్చింది చూశారూ, ఆ ఏడాదే మా మనవరాలు చిట్టికి విలువిద్య పిచ్చి పట్టుకుంది. సురేఖది చక్రాలు బిగించిన విల్లు. దాని ఖరీదు వింటే మాబోటివాళ్ళకు గుండె దడ పుడుతుంది. కాని మన దేశంలో పోటీలకు ఇండియన్ రౌండ్ అని ఒక విభాగం ఉంది. చక్రాలూ హంగులూ ఏవీ లేని వెదురు విల్లుతో వేయవలసింది అది. పల్లెపిల్లలు, గిరిజన పిల్లలు ఎక్కువమంది విలువిద్యలో అక్షరాభ్యాసం చేసేది దానితోనే. చిట్టికి కూడా ఎక్కడినుంచో ఒక వెదురు విల్లు తెప్పించి ఇచ్చారు. అద్దంలాగా మెరుస్తూ ఎంతో అందంగా ఉండేది.

ఆ విల్లు ఎనిమిదో రోజున పూర్తిగా లాగి పట్టుకోగానే ఫెళ్ళున విరిగింది. పేడు వచ్చి పిల్ల చెంప చీరుకుంది. కంటికి అంగుళం దూరం. డాక్టరు రెండు కుట్లు వేసి, "అదృష్టవంతురాలివమ్మా" అన్నాడు. నా కాళ్ళల్లో వణుకు తగ్గడానికి సాయంత్రమయింది.

మావారు మాత్రం విరిగిన ముక్కలు తెచ్చుకుని వీథి అరుగు మీద కూర్చున్నారు. కాసేపటికి నన్ను పిలిచి చూపించారు. విల్లు లాగినప్పుడు దాని వీపు, అంటే గురివైపు ఉండే ముఖం, సాగుతుంది. మనవైపు ఉండే కడుపు నొక్కుకుపోతుంది. వెదురులో గట్టి నార అంతా పైతొక్క కిందనే దట్టంగా ఉంటుంది. అందుకే తొక్కవైపును వీపుగా పెట్టి, దాని జోలికి పోకూడదు. ఆ విల్లు చేసిన మహానుభావుడెవరో అందం కోసం వీపు మీది కణుపులన్నీ యంత్రం మీద పెట్టి చదునుగా అరగదీశాడు. కణుపు దగ్గర నార కొంచెం వంపు తిరిగి పైకి లేస్తుంది. అక్కడ చదును చేస్తే నార తెగినట్టే. సరిగ్గా అక్కడే విరిగింది.

"నేను చేస్తాను దీనికి విల్లు" అన్నారు మావారు.

వారం రోజులు మంచి గట్టి వెదురు కోసం తిరిగారు. బోలు తక్కువగా ఉండి, కండ మందంగా ఉన్న బొంగులు తెచ్చి ఆరబెట్టారు. బద్దలు చీల్చారు. అంతవరకు బాగానే జరిగింది. రెండు బద్దల లోపలి ముఖాలు చదును చేసి, ఒకదానికొకటి అతికించాలి. రందా పట్టుకున్నారు. కీళ్ళవాతంతో వేళ్ళు ముడుచుకుపోయిన చేతులు ఎంతసేపు పడతాయి? పావుగంటకు రందా కింద పెట్టేసి, దానికేసి చూస్తూ కూర్చున్నారు. ఆ రాత్రి అన్నం సగంలో లేచారు. కూర బాగాలేదన్నారు. అది ఆయనకెంతో ఇష్టమైన గుత్తివంకాయ కూర.

నా దగ్గర చీటీ పాడిన డబ్బు ముప్పై వేలు ఉంది. దేనికోసం పాడానో ఇక్కడ చెప్పను, వంటింటి వ్యవహారం. మర్నాడు పొద్దున కాఫీ ఇస్తూ, "ఆ అరగదీసే యంత్రమేదో మనమే కొందాం" అన్నాను. ఆయన కాఫీ చల్లారిపోయేదాకా మాట్లాడలేదు. "యంత్రం వల్లనే గదుటే అది విరిగింది" అన్నారు చివరికి.

"యంత్రం వల్ల కాదు, యంత్రాన్ని ఎక్కడ ఆపాలో తెలియని మనిషి వల్ల. మీకు తెలుసు గదా!" అన్నాను.

హైదరాబాదులో ఉన్న మా అబ్బాయి సంగతి వినగానే ఫోనులో బొమ్మలు పంపడం మొదలుపెట్టాడు. ఆరంగుళాల వెడల్పు, నలభై ఎనిమిది అంగుళాల పొడుగు పట్టా ఉన్న పెద్ద యంత్రం. "కొంటే పెద్దదే కొనాలమ్మా" అంటాడు. వాడు టీవీ కొన్నా అంతే, మంచం కొన్నా అంతే. మా వీథి చివర తలుపులు చేసే వడ్ల కుర్రవాడేమో చేత్తో పట్టుకుని నడిపే మూడంగుళాల సాండరు చాలన్నాడు. తనది తెచ్చి చూపించాడు కూడా. "రెండు చేతులతోని గట్టిగ ఒత్తి పట్టాలె పెద్దమ్మా, లేకుంటే మనల్నే గుంజుకపోతది" అన్నాడు. నేను పట్టుకు చూశాను. ఇస్త్రీపెట్టెలాగా ఉంది, కాని ప్రాణమున్న ఇస్త్రీపెట్టె. మోచేతులదాకా జిమ్మని అదురు పాకింది.

అక్కడే నాకు విషయం తెలిసిపోయింది. తలుపుచెక్క పెద్దది, కదలదు. దాని మీద యంత్రం నడవాలి. విల్లుబద్ద సన్ననిది, పొడుగైనది. దాని మీద ఈ యంత్రాన్ని నడిపితే అటో ఇటో ఒరిగి అంచులు తినేస్తుంది. పైగా మావారి చేతులు ఆ అదురుకు ఆగవు. ఇక్కడ యంత్రం కదలకుండా కూర్చోవాలి, బద్ద దాని దగ్గరికి రావాలి. రుబ్బురోలు దగ్గరికి పప్పు వెళ్ళినట్టు. అరచేతులతో బద్దను ఆనించి జరపడానికి వేళ్ళు బిగించి పట్టవలసిన పని లేదు.

మరి పెద్దదెందుకు వద్దన్నానంటే, దానికి మావారి లెక్క ఒకటి ఉంది. విల్లు వెడల్పు పదో వంతు తగ్గిస్తే బిగువు కూడా పదో వంతే తగ్గుతుందట. కాని మందం పదో వంతు తగ్గిస్తే, అంటే 10 మిల్లీమీటర్ల బద్ద 9 మిల్లీమీటర్లయితే, బిగువు నూటికి 27 పాళ్ళు పడిపోతుందట. మందాన్ని మూడుసార్లు హెచ్చవేయాలి గనుక అని ఆయన పలక మీద వేసి చూపించారు. లెక్క సంగతి ఎలా ఉన్నా నాకర్థమైనది ఇది: పులుసులో ఉప్పెక్కువైతే నీళ్ళు పోసుకోవచ్చు, అరిగిన వెదురును మళ్ళీ అతికించలేము. కనుక ఎక్కువ తినే యంత్రం కాదు, తక్కువ తినే యంత్రం కావాలి.

2022లో మా ఊరికి రైలొచ్చింది గాని, వేళలు కుదరక బస్సులోనే వెళ్ళాను. సంచిలో రెండడుగుల వెదురుబద్ద, మావారి స్టీలు స్కేలు, పెరుగన్నం డబ్బా. 1924లో కట్టడం పూర్తయిన మా ఊరి పెద్ద చర్చి చూడడానికి ఎక్కడెక్కడి జనమో వస్తారు. ఏడు పదుల వయసు దగ్గరపడ్డ ఆడమనిషి వెదురుబద్దతో ఊరు దాటడం మాత్రం బస్సులో అందరికీ వింతగానే ఉంది.

మొదటి దుకాణాయన నన్ను చూసి, "మిక్సీలు పక్క గల్లీలో ఉంటయమ్మా" అన్నాడు. నేను సంచిలోంచి బద్ద తీశాను.

అన్నింటినీ ఆడించి చూపించమన్నాను. ఒక దుకాణంలో పట్టా తిరుగుతూ తిరుగుతూ పక్కకు జరిగి అంచుకు రాసుకుంటోంది. సరిచేసే మర తిప్పినా నిలవలేదు. ఇంకొకచోట పట్టా వెనక ఉండే ఇనుపపలక మీద స్కేలు నిలబెట్టి చూస్తే మధ్యలో వెలుతురు కనిపించింది. ఆ పలక చదునుగా లేకపోతే బద్ద చదునవదు. రెండు బద్దల మధ్య సందుంటే జిగురు అతుకు విడిపోతుంది. మూడో దుకాణంలో అన్నీ బాగున్నాయి గాని, ఆ కొలత పట్టాలు విడిగా దొరకవన్నారు. పెళ్ళికూతురు బాగుంది గాని పుట్టింటివారి అడ్రసు లేదన్నట్టు! నాలుగో దుకాణంలో చివరి రోలరు మీది మూత తీయడానికి వీల్లేదు. ఆ మూత తీస్తేనే రోలరు గుండ్రటి వంపు మీద విల్లు పిడికిలి దగ్గరి లోపలి వంపు దిద్దుకోవచ్చు. అది మావారు చీటీ మీద రాసి ఇచ్చిన షరతు.

ఐదో దుకాణంలో కుర్రవాడు నా బద్ద తీసుకుని జోరుగా తిరిగే పట్టాకు అదిమాడు. క్షణంలో మాడిన అప్పడం వాసన. "స్పీడెక్కువ, పనెక్కువ అమ్మా" అని నవ్వాడు. వెదురు కమిలితే పెళుసవుతుంది. అతికించిన తరవాత అలా వేడెక్కితే జిగురే మెత్తబడుతుంది. నమస్కారం పెట్టి బయటపడ్డాను.

ఆరో దుకాణంలో పెద్దాయన మాట్లాడకుండా నా బద్ద తీసుకుని, తాకీ తాకనట్టు ఆనించి, చివరినుంచి చివరికి ఒకే ఊపులో జరిపి, తిప్పి నా చేతిలో పెట్టాడు. వాసన లేదు. స్కేలు పెడితే వెలుతురు లేదు. బల్ల మీద కూర్చునే యంత్రం, నాలుగంగుళాల వెడల్పు, ముప్పై ఆరంగుళాల పట్టా, నెమ్మదైన మోటారు, మూత ఊడుతుంది, పొడి పోయే గొట్టం ఉంది, పట్టాలు వీథిలో ఏ కొట్లో అడిగినా ఇస్తారు. పదహారు వేలు చెప్పాడు. పద్నాలుగున్నరకు తెగింది. 60 నంబరు పట్టాలు రెండు, 80 నంబరువి నాలుగు, 120 నంబరువి రెండు కొన్నాను. పట్టా లోపలివైపు బాణం గుర్తుంటుందనీ, అది తిరిగే దిక్కుకే ఉండేలా ఎక్కించాలనీ, లేకపోతే అతుకు ఊడుతుందనీ చెప్పాడు. అడక్కుండా చెప్పిన దుకాణదారుడు ఆయనొక్కడే.

ఇంటికి తెచ్చాక వెనక వసారాలో పెట్టించాను. ఇంట్లో ససేమిరా వీల్లేదన్నాను. కర్రపొడిని ప్రపంచ ఆరోగ్య సంస్థవారి క్యాన్సరు పరిశోధనా విభాగం క్యాన్సరు తెచ్చే వాటి మొదటి వర్గంలోనే చేర్చింది. ముప్పై రెండేళ్ళు ఆ పొడి పీల్చిన మనిషి ఆయన. గొట్టానికి వాక్యూం క్లీనరు తగిలించాలి, ముక్కుకు మంచి మాస్కు కట్టాలి, పొడి సంచి ఏ రోజుకారోజు ఖాళీ చేయాలి. ఈ మూడూ జరగకపోతే ప్లగ్గు నా కొంగున కట్టుకుంటానన్నాను. చేసినా చేస్తానని ఆయనకు తెలుసు.

ఆయన పని చూడాలి! బద్ద తొక్కవైపు పసుపుదారం చుట్టారు, చిట్టి గాని తాను గాని పొరపాటున కూడా ఆ ముఖాన్ని పట్టాకు చూపించకుండా. లోపలి ముఖాలు 60 నంబరు మీద చదును చేశారు. జిగురు పట్టడానికి ఆ కొంచెం గరుకు మంచిదట. అతికించి, తాళ్ళతో బిగించి, రెండు రోజులు వదిలారు. తరవాత 80 నంబరు మీద పక్కలూ కడుపూ దిద్దుతూ వచ్చి, ఇంకా ఒక మిల్లీమీటరు మిగిలి ఉండగానే స్విచ్చి ఆపేశారు. "ఇక్కడితో దీని పని సరి" అన్నారు.

మిగిలినది చిట్టి చేసింది. గోడకు విల్లు వేలాడదీసి, నారికి తాడు కట్టి, గిలక మీదుగా ఆ తాడును నేను లాగుతాను. ఆయన పది అడుగుల దూరంలో కుర్చీ వేసుకుని వంపు చూస్తారు. "పై సగం బద్ధకిస్తోంది. మధ్యన, నాలుగు వేళ్ళ మేర, పదిసార్లు రుద్దు" అంటారు. చిట్టి విల్లు దించి, చెక్కకు చుట్టిన ఉప్పుకాగితంతో లెక్కపెట్టి రుద్దుతుంది. మళ్ళీ వేలాడదీయడం, మళ్ళీ లాగడం. నాలుగు సాయంత్రాలు పట్టింది. చివరికి పై సగం, కింది సగం ఒక్కలాగా వంగాయి. వేలాడే త్రాసు పెట్టి చూస్తే 24 పౌన్ల బిగువు. కణుపులు కణుపుల్లాగే ఉన్నాయి, మొరటుగా.

మొదటిసారి ఎక్కుపెట్టేటప్పుడు పిల్లకు కళ్ళద్దాలు పెట్టించి, చేతికి తోలుపట్టా కట్టించి కూడా నేను చూడలేక వంటింట్లోకి వెళ్ళిపోయాను. ఫెళ్ళుమనలేదు. "టింగు"మంది.

అది జరిగి నాలుగు నెలలయింది. ఇప్పుడు మూడో విల్లు నడుస్తోంది, చిట్టి స్నేహితురాలికి. మావారు రందా జాడీ పక్కన అటక మీద పెట్టించారు గాని, అమ్మనివ్వలేదు. నిన్న పక్కింటావిడ కత్తిపీట తెచ్చి, కాస్త పదును పెట్టించమంది. ఇనుము రాస్తే నిప్పురవ్వలు లేచి పొడిసంచిలో పడతాయని చెప్పి, టీ ఇచ్చి పంపించాను. 80 నంబరు పట్టాలు ఒక్కటే మిగిలింది. ఈసారి బస్సులో వెళ్ళేవాళ్ళెవరైనా ఉంటే అరడజను తెప్పించాలి.