కణేకల్ ఇసుకదిబ్బల మీద

అనంతపురం జిల్లాలో రాయదుర్గం దాటి వెళితే కణేకల్ వస్తుంది. ఈ జిల్లాలో ఏడాదికి కురిసే వాన సుమారు 55 సెంటీమీటర్లే. తుంగభద్ర ఎగువ కాలవ ఇటుగా పోవటంచేత కొన్ని పొలాలకు నీటి యోగం పట్టింది. మిగిలినవి వానకోసం ఆకాశంకేసి చూసే వేరుసెనగ చేలు.

ఇక్కడ తప్పక చూడవలసినది హగరి ఇసుక. వేదవతీ నదికే హగరి అని మరొక పేరు. ఏటిలో నీరు కనిపించే రోజులు తక్కువ. నైరుతి గాలులు వీచే నెలల్లో ఇసుక లేచివచ్చి, చేలమీద దిబ్బలుగా పడుతుంది. రైతుకు అది పెద్ద బెడద.

నాకు దారి చూపటానికి వచ్చిన పిల్లవాడు దిబ్బ ఎక్కి, "తాతా, సముద్రం కాడ గూడా ఇట్లే గాలీ ఇసుకా ఉంటాదంట గదా! ఈడ నీళ్లొకటే తక్కువ," అన్నాడు.

నాకు నవ్వు వచ్చింది. కాని వాడి మాటలో నిజం ఉన్నది. గాలి లేనిదే సాగని సముద్రపక్షి ఒకటి, ఇసుక లేనిదే వంశం నిలవని సముద్రపు జంతువు ఒకటి ఉన్నాయి. అక్కడే కూచుని వాడికి ఆ రెండింటి సంగతీ చెప్పాను.

పక్షి పేరు ఆల్బట్రాస్. దక్షిణ సముద్రాలలో తిరిగే పెద్ద రకం రెక్కలు చాచితే ఈ కొసనుంచి ఆ కొసకు 11 అడుగులు దాకా ఉంటుంది! అది రెక్క ఆడించకుండా గంటల తరబడి గాలిమీద తేలిపోతుంది. గాలి పడిపోతే నీళ్లమీద కూచుని, మళ్లీ వీచేదాకా కాచుకుంటుంది.

రెండవది ఆలివ్ రిడ్లీ తాబేలు. ఇది మన తీరానికి వచ్చేదే. పాములూ బల్లులూ మొసళ్లూ ఉన్న సరీసృపాల తరగతికి చెందినది.

రెండూ బతుకంతా సముద్రంలోనే గడిపినా, గుడ్లు పెట్టటానికి మాత్రం నేలమీదికి రాక తప్పదు. ఆల్బట్రాస్ పెట్టేది ఒకే ఒక గుడ్డు. తల్లీ తండ్రీ వంతులవారీగా పదకొండు వారాలు పొదుగుతాయి. పిల్ల ఎగరటానికి మరో తొమ్మిది నెలలు పడుతుంది. తాబేలు తీరు వేరు. రాత్రివేళ ఒడ్డెక్కి, ఇసుకలో గుంట తీసి, సుమారు నూరు గుడ్లు పెట్టి, కప్పిపెట్టి వెళ్లిపోతుంది. మళ్లీ ఆ వంక చూడదు. పొదిగే పని ఇసుక వేడిదే. ఇసుక మరీ వేడెక్కితే పుట్టేవన్నీ ఆడపిల్లలే!

"ఉప్పునీళ్లు ఎట్ల తాగుతాయి?" అన్నాడు పిల్లవాడు.

మంచి ప్రశ్న. రెండింటికీ తలలో ఉప్పును వడకట్టే గ్రంథులున్నాయి. పక్షికి ఆ ఉప్పు ముక్కుగుండా కారిపోతుంది. తాబేలుకు కన్నీరుగా పోతుంది. గుడ్లు పెట్టేటప్పుడు తాబేలు ఏడుస్తున్నదని జనం అనుకునేది ఇందుకే.

ఆల్బట్రాస్ చాలా ఏళ్లు బతుకుతుంది. మిడ్వే దీవిలో 1956లో ఒక పక్షి కాలికి గుర్తు కట్టారు. ఆ రకం కాస్త చిన్నది. దానికి విజ్డమ్ అని పేరు. సుమారు 74వ ఏట, 2024లో కూడా అది గుడ్డు పెట్టింది.

అయితే ఈ రెండూ నీళ్లలో ఊపిరాడక చావటం కూడా ఉన్నది. పొడవాటి గాలాల తాళ్లకు కట్టిన ఎరను మింగబోయి పక్షి మునిగిపోతుంది. మరపడవల వలలో చిక్కిన తాబేలు గాలికోసం పైకి రాలేదు. తాబేలు తప్పించుకునే దారి ఉన్న వలలు వచ్చాయి. పక్షులను బెదరగొట్టే రిబ్బన్లూ వచ్చాయి. వాటిని అందరూ వాడటం లేదు.

"ఆ తాబేళ్లు ఏడికొస్తాయి తాతా?"

"కృష్ణ సముద్రంలో కలిసేచోట, హంసలదీవి దగ్గరి ఇసుకలోకి. మీ హగరి తుంగభద్రలో కలుస్తుంది, తుంగభద్ర కృష్ణలో కలుస్తుంది. వెనకటి రోజుల్లో మీ ఇసుక కూడా కొంత అక్కడికి చేరే ఉంటుంది."

"ఇప్పుడో?"

శ్రీశైలం, నాగార్జునసాగరం, పులిచింతల, విజయవాడ ఆనకట్ట అని నేను చెబుతుంటే వాడు వేళ్లు మడిచాడు. ఇన్ని అడ్డం ఉంటే ఇసుక ముప్పాతికకు పైగా దారిలోనే ఆగిపోదా అని వాడి అనుమానం. నిజమే, చాలా భాగం ఆగిపోతుంది.

వాడు కాసేపు ఆలోచించి, గుప్పెడు ఇసుక కాగితంలో పొట్లం కట్టి నా చేతికిచ్చాడు. "ఆ పక్క పోయినప్పుడు ఆడ పోసేయి తాతా," అన్నాడు.