పొగ రంగు చూశాకే పానా పట్టాలి

లాన్‌లో కూర్చుని నడిపే గడ్డి కోసే బండి పొగ కక్కడం మొదలుపెడితే, అమెరికా సబర్బుల్లో ఉంటున్న మన తెలుగువాళ్లలో చాలామందికి తోచే దారులు రెండే: కొత్త బండి కొనడం, లేదంటే ఇంజన్ మార్పించడం. రెండూ తొందరపాటే అని నా గట్టి నమ్మకం. హైదరాబాద్ పాతబస్తీలో ఆటోలు, స్కూటర్లు, చిన్న జనరేటర్లు బాగుచేసే మిస్త్రీల పనిలో ఒక వరస ఉంది. పొగ రంగు చూస్తారు, వాసన పడతారు, ఎప్పటినుంచి వస్తోందని అడుగుతారు, ప్లగ్గు విప్పి దాని మొన చూస్తారు. ఇంజన్ దించే మాట ఆ తర్వాతే. పైసా ఖర్చులేని పరీక్ష ముందు, ఖరీదైన పని ఆఖర్న. జుమ్మేరాత్ బజార్‌లో గురువారం గురువారం పాత పనిముట్లు, విడిభాగాలు అమ్ముడుపోతున్నాయంటే, వాటిని మళ్లీ పనిలో పెట్టగల చేతులు ఆ చుట్టుపక్కల ఉన్నాయి కాబట్టే. ఆ వరస ఇక్కడి మన గరాజుల్లోకి రావాలి.

పాతబస్తీకి పొగ కొత్త కాదు. ఒకప్పటి ఆటోలు, చేతక్ స్కూటర్లు, ఆర్‌ఎక్స్ 100 బళ్లు టూ-స్ట్రోక్‌వి. పెట్రోల్‌తోపాటు లోపలికి వెళ్లే ఆయిల్ దాంతోపాటే కాలిపోతుంది కనుక కొంత పొగ వాటికి సహజం. గడ్డి బండిది ఫోర్-స్ట్రోక్ ఇంజన్. ఆయిల్ కింద క్రాంక్‌కేసులో విడిగా ఉంటుంది, పెట్రోల్ మండేచోటికి రాకూడదు. నీలం ఛాయ కలిసిన తెల్లపొగ దట్టంగా వస్తోందంటే ఆ ఆయిల్ తన హద్దు దాటిందన్నమాట. నల్లపొగ సంగతి వేరు: పెట్రోల్ ఎక్కువై గాలి చాలడం లేదు. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయిందా, చోక్ ఇరుక్కుపోయిందా చూడాలి. దానికి రింగులు మార్చడం దండగ.

ఆయిల్ హద్దు దాటే దారులు కొన్నే. మొదట డిప్‌స్టిక్ తీసి చూడాలి. ఆయిల్ గీత దాటి ఉంటే ఎక్కువ పోశారు, తీసేస్తే సరిపోవచ్చు. గీత దాటడమే కాక పల్చబడి పెట్రోల్ వాసన కొడుతుంటే, కార్బురేటర్‌లో ఫ్లోట్‌తో కదిలే సూది సరిగ్గా మూసుకోక బండి ఆగి ఉన్నప్పుడు పెట్రోల్ లోపలికి కారుతోంది. చలికాలమంతా పెట్రోల్‌తో అలాగే వదిలేసిన బళ్లలో ఇది తరచూ కనిపిస్తుంది. సూది మార్చి, ఆయిల్ కూడా మార్చాలి. ఆ పల్చటి ఆయిల్‌తో నడిపితే బేరింగులు అరిగిపోతాయి. ఇవేవీ కాకపోతే బ్రీదర్, అంటే క్రాంక్‌కేసులోని ఒత్తిడి బయటికి పోయే దారి, చూడాలి. ఆ తర్వాత అనుమానించాల్సింది హెడ్ గ్యాస్కెట్‌ను, మన మిస్త్రీల మాటలో ప్యాకింగ్‌ను. వాల్వులు పైన ఉండే సింగిల్ సిలిండర్ ఇంజన్లలో సిలిండర్‌కూ, పుష్‌రాడ్లు కదిలే గదికీ మధ్య ఈ ప్యాకింగ్ సన్నటి పట్టీలా ఉంటుంది. అది కాలి తెగితే మంట ఒత్తిడి క్రాంక్‌కేసులోకి దూరుతుంది, అక్కడి ఆయిల్‌ను బ్రీదర్ గొట్టం గుండా కార్బురేటర్‌లోకి తోస్తుంది. బయటికి వచ్చే పొగ చూసి రింగులు పోయాయని అనుకుంటారు, ఇంజన్‌కు నూకలు చెల్లాయని తీర్పు చెప్పేస్తారు. ఆ ప్యాకింగ్ ఖరీదు చూస్తే పది, ఇరవై డాలర్లు. కొత్త బండి దాదాపు 2,000 డాలర్లు, ఆపైన.

రింగులు పోవడానికీ, ప్యాకింగ్ తెగడానికీ తేడా పట్టడం ఎలా? కంప్రెషన్ గేజ్ ఇక్కడ తప్పుదారి పట్టిస్తుంది. తాడు లాగినా, స్టార్టర్ తిప్పినా ఇంజన్ తేలిగ్గా తిరగాలని కంప్రెషన్‌ను కొంత వదిలేసే ఏర్పాటు చాలా చిన్న ఇంజన్లలో ఉంటుంది. రీడింగ్ తక్కువ వచ్చినంత మాత్రాన ఏమీ తేలదు. పిస్టన్‌ను పైకి తెచ్చి, రెండు వాల్వులూ మూసుకున్న స్థితిలో ప్లగ్గు రంధ్రంలోంచి గాలి ఎక్కించి వినాలి. సైలెన్సర్‌లో బుస వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వు, కార్బురేటర్‌లో అయితే ఇన్‌టేక్ వాల్వు. ఆయిల్ పోసే మూతి దగ్గర వినిపిస్తే మాత్రం రింగులు కావచ్చు, ప్యాకింగ్ కావచ్చు. అందుకే హెడ్ విప్పి ముందు ప్యాకింగ్ చూడమంటాను. రింగుల కోసం ఇంజన్ మొత్తం విప్పాలి, హెడ్‌కు కొన్ని బోల్టులు చాలు. రింగుల అరుగుదల మెల్లగా ముదిరే జబ్బు, ప్యాకింగ్ తరచుగా ఉన్నట్టుండి తెగుతుంది. ఎప్పటినుంచి అని మిస్త్రీ అడిగేది అందుకే.

పాతబస్తీ రిపేరంటే జుగాడ్, అంటే దొరికినదానితో ఎలాగోలా సర్దేయడం కదా అని ఒక అభ్యంతరం. అందులో కొంత నిజముంది. చేతి అంచనాతో బోల్టులు బిగిస్తే అల్యూమినియం హెడ్ వంగిపోవచ్చు, కొత్త ప్యాకింగ్ కూడా నిలవదు. ఎదురెదురు బోల్టులను మార్చి మార్చి, మాన్యువల్‌లో చెప్పినంతే టార్క్ రెంచ్‌తో బిగించాలి. అక్కడి వరస, ఇక్కడి కొలత, రెండూ కావాలి. మరో అభ్యంతరం కూలి: ఇక్కడ మెకానిక్‌కు ఇచ్చే డబ్బుతో కొత్త ఇంజనే వస్తుందంటారు. నిజమే, అందుకే మనమే నేర్చుకోవాలంటున్నాను. బాగుచేసుకునే హక్కు కోసం భారత ప్రభుత్వం 2022 డిసెంబరులో ఒక పోర్టల్ తెరిచింది, కొలరాడో 2023లో వ్యవసాయ యంత్రాలకు చట్టమే చేసింది. పానా పట్టేవాళ్లు లేని ఇంట్లో ఆ హక్కు వల్ల ఒరిగేది తక్కువ.

బరువైన అభ్యంతరం కాలుష్యానిది. కాలిఫోర్నియా గాలి నాణ్యత మండలి లెక్కలో, వృత్తిగా గడ్డి కోసేవాళ్లు వాడే పెట్రోల్ మోవర్ ఒక గంట నడిస్తే వచ్చే పొగమంచు కాలుష్యం కారు 300 మైళ్లు నడిచినదానితో సమానం. అక్కడ 2024 నుంచి ఇలాంటి చిన్న పెట్రోల్ ఇంజన్లతో తయారైన కొత్త పరికరాలకు చాలామటుకు తలుపులు మూశారు. ఆ నిర్ణయాన్ని నేను సమర్థిస్తాను. కానీ పొగ వస్తోందని బండి పారేసి ఇంకో పెట్రోల్ బండి కొంటే గాలికి జరిగే మేలు కొంచెం, ఇనుముకు జరిగే నష్టం ఎక్కువ. సిలిండర్ గోడ మీద గీతలు పడి, రింగులు నిజంగానే అరిగాయని తేలితే అప్పుడు దాన్ని సాగనంపి బ్యాటరీ బండి కొనండి. అలా తేల్చుకోవడానికి గాలి పరీక్ష సాధనం, టార్క్ రెంచ్ కావాలి, ఇంటింటికీ అక్కర్లేదు. టాక్సుల మీద సదస్సులు పెట్టే మన ఊరి తెలుగు సంఘాలు ఆ రెండూ కొని ఉంచి, గడ్డి కోతలు మొదలయ్యే ముందు ఏప్రిల్‌లో ఒక శనివారం ఇంజన్ల కోసం కేటాయించవచ్చు.