పెట్టెలో పరిచిన వార్తలు

మా అవ్వ చీరల పెట్టె అడుగున వార్తాపత్రికలు పరిచేది. పాత కాగితం తీసి కొత్తది వేయడం ఆవిడ పద్ధతి కాదు. పాతదాని మీదనే కొత్తది వేసేది. అందువల్ల మొన్న సంక్రాంతికి బుచ్చిరెడ్డిపాలెం వెళ్ళి అటక మీది పెట్టె దింపి చూస్తే, చీరలు ఏనాడో పోయాయి గాని, యుద్ధం ముగిసిన తరువాతి ఇరవై యేళ్ళ లోకచరిత్ర పొరలు పొరలుగా దొరికింది.

కాలేజీలో తెలుగు పాఠం చెప్పుకునేవాణ్ణి. తాళపత్ర గ్రంథం దొరికినంత సంబరంగా చాప వేసుకు కూర్చున్నాను.

"ఇల్లు పంచుకోవడానికి వచ్చి చిత్తుకాగితాలు చదువుతారేమండీ?" అన్నది మా ఆవిడ.

ఆ పంపకం సంగతి తరువాత మనవి చేస్తాను. ముందు మా తాత సంగతి చెప్పాలి. పత్రిక మద్రాసులో అచ్చయి, రైల్లో నెల్లూరు చేరి, అక్కణ్ణించి బస్సులో మా వూరు వచ్చేది. అంత శ్రమపడి వచ్చిన వార్తను వూరికే చదివి పారేయడం తాతకు నచ్చేది కాదు. దాని పర్యవసానం ఏమిటో ఆలోచించేవాడు. ఆలోచించి వూరుకున్నా బాధ లేదు, అవ్వ చేత ఆచరణలో పెట్టించేవాడు. ఇవన్నీ అవ్వ నా చిన్నతనంలో అన్నం కలిపి పెడుతూ చెప్పినవే.

1945 ఆగస్టులో యుద్ధం ముగిసిందని వచ్చింది. "ఇంకేం, కట్టడులన్నీ పోతాయి. చీర ఇప్పుడెందుకు? ఒక్క నెల ఓపిక పట్టు" అన్నాడట తాత. మా రాష్ట్రంలో తిండిగింజల రేషను ఎత్తివేయడానికే రాజాజీ రావలసి వచ్చింది, అదీ 1952లో. అవ్వ నెల ఎప్పుడు నిండిందో నేను అడగలేదు.

అంతకన్నా గట్టి దెబ్బ 1955 ఆగస్టులో తగిలింది. జెనీవాలో అణుశక్తి శాంతి ప్రయోజనాల మహాసభ జరిగింది. అధ్యక్షుడు మన హోమీ భాభా. అణువులను కలిపి శక్తి పుట్టించే ఉపాయం ఇరవై యేళ్ళలో దొరుకుతుందనీ, అది దొరికితే సముద్రంలో వున్నంత ఇంధనం మనదేననీ ఆయన జోస్యం చెప్పాడు. సముద్రమనగానే తాత కూర్చున్నవాడు లేచాడు. మైపాడు మనకెంత దూరం? కారఖానా అక్కడే పెడతారు, ముందుగా వెలుగు వచ్చేది మనకే! కనుక వీధిలోకి కరెంటు స్తంభాలు వచ్చి, ఇంటింటికీ తీగలు లాగుతుంటే, తాత అరుగు మీద నిలబడి, "రేపో మాపో పారేయబోయే తీగకు డబ్బు దండగ" అని పంపేశాడు. పక్కింట్లో బల్బు, మా ఇంట్లో లాంతరు. చిమ్నీ తుడవడం అవ్వ వంతు. 1975 వచ్చింది. బాకీదారుకు ఇచ్చినట్టు భాభాగారి మాటకు ఇంకో రెండేళ్ళు గడువిచ్చి, 1977లో మామూలు కరెంటే పెట్టించుకున్నాడు. ఆ అణువెలుగు నేటికీ ఏ ఇంటి దీపానికీ రాలేదు. చిమ్నీ మాత్రం అటక మీదనే వుంది.

1957 అక్టోబరు 4న రష్యావారు స్పుత్నిక్‌ను ఎగరేశారు. ఎనభై మూడు కిలోల గోళం గంటన్నరకొకసారి భూమిని చుట్టేస్తోందని చదివి, ఆరుబయట పడుకునే తాత మంచం లోపలికి మార్చాడు, ఉక్కపోతైనా సరే. 1958 జనవరిలో అది దిగివస్తూ కాలిపోయిందని తెలియగానే మంచం బయట వేయించాడు. అప్పటికి వూరంతా చలికి తలుపులు బిడాయించుకుంది!

ఇక పెట్టెలో పైపొర 1962 ఫిబ్రవరిది. అష్టగ్రహకూటమి! మకరరాశిలో ఎనిమిది గ్రహాలు చేరుతున్నాయి, మూడు నుంచి అయిదో తేదీ లోపల ప్రళయం తప్పదని దేశమంతా యజ్ఞాలు, నామసంకీర్తనలు. అదే నెల పందొమ్మిది నుంచి ఎన్నికలు కూడా వున్నాయి. ప్రళయమని అభ్యర్థులెవరూ ప్రచారం మానుకోలేదు. మా తాతకు అది మాత్రం తట్టలేదు.

తాతకూ చిన్నతాతకూ అప్పటికి ఏడేళ్ళుగా మాటల్లేవు. ఎనిమిది వందల రూపాయల ప్రోనోటు. తీర్చానని ఆయన, తీర్చలేదని ఈయన. రెండిళ్ళ దొడ్లకూ నడుమ గోడలో వున్న తలుపుకు మేకులు దిగాయి. మంచినీళ్ళ బావి అవతలి దొడ్లో వుండిపోయింది. ఆ ఏడేళ్ళూ అవ్వ బిందె పెట్టుకుని వీధి చుట్టి వెళ్ళేది.

నాలుగో తేదీ రాత్రి తాత సుత్తి పుచ్చుకుని దొడ్లోకి వెళ్ళాడు. మేకులు పీకిన చప్పుడుకు, ప్రళయం మొదలైందేమోనని చిన్నతాత లాంతరుతో పరుగెత్తుకొచ్చాడు. తాత ప్రోనోటు ఆయన ముందే నాలుగు ముక్కలు చేసి, "ఒరే, రేపు పైన యముడు అడిగితే మనకేమీ తగాదా లేదని చెప్పు" అన్నాడు. ఇద్దరూ బావిగట్టున తెల్లవార్లూ కూర్చుని చిన్ననాటి కబుర్లు చెప్పుకున్నారు.

ఆరో తేదీన సూర్యుడు మామూలుగానే వచ్చాడు. తాత కాఫీ తాగి, గొంతు తగ్గించి, "ఏమే, ఆ ముక్కలు ఎక్కడ పెట్టావు?" అన్నాడు.

"నీళ్ళపొయ్యిలో వేశాను" అన్నది అవ్వ.

ఆ నోటుకు ఎప్పుడో కాలదోషం పట్టిందట. చిన్నతాతకు ఆ సంగతి తెలుసు. తెలిసీ ఆ రాత్రి పైకి అనలేదు. కోతలయ్యాక మొలకొలుకుల బియ్యం రెండు బస్తాలు ఆ తలుపులోనుంచే మోయించాడు. అవి దేని కింద జమ అని తాతా అడగలేదు.

పంపకం సంగతి అన్నాను కదా. చిన్నతాత మనవలు వాళ్ళ భాగం అమ్మేస్తున్నారు. కొనేవారు ఆ తలుపు తీసేసి గోడ కట్టితీరాలన్నారు. మాకూ వాళ్ళకూ మాటా మాటా పెరిగి, నెలరోజులుగా ఫోన్లు కూడా లేవు. సంతకాలు పెడితే ఆ తలుపు మూతపడుతుంది, పెట్టకపోతే మేము మూతపడతాం.

కాగితాలు మడిచి యథాప్రకారం పెట్టెలో పెట్టాను. మా ఆవిడ గోడకున్న క్యాలెండరు తీసి నా ఒళ్ళో పడేసింది.

"ఏమిటిది?"

"మళ్ళీ అష్టగ్రహకూటమి ఎప్పుడో చూడండి. సుత్తి నేను వెతుకుతాను."