చెరువు గట్టున నేలగులిమిడి

పిల్లలూ! ఒంగోలు నుంచి మార్కాపురం వెళ్ళే దారిలో పొదిలి అనే ఊరున్నది. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా ఇది నెల్లూరు జిల్లాలో ఉండేది. ఊరి చుట్టూ మెట్ట పొలాలు. మిరప, కంది, పత్తి పైర్లు. ఇటువంటి సీమలో చెరువే ప్రాణం. ఎండలకు బీటలు వారిన చెరువు అంచులు, ఆశ్వయుజ కార్తీకాల వానలకు చెమ్మ పట్టి పచ్చబడతాయి.

ఆ రోజుల్లో మీరు అక్కడి చెరువు గట్టున నడిస్తే కొంగలనే చూస్తూ పోకండి. మీ కాళ్ళ దగ్గర కూడా చూడండి. గడ్డిలో కలిసిపోయి, జానెడో మూరెడో ఎత్తున నేలగులిమిడి అనే మొక్క ఉండవచ్చు. దాన్ని పోల్చుకోవటం ఎలాగో చెబుతాను.

మొదట ఆకులు చూడండి. సన్నగా, పొడుగ్గా ఉంటాయి. కాడ ఉండదు, కాండానికే అంటుకుని, రెండేసి ఎదురెదురుగా పుడతాయి. ఒక్కొక్క ఆకు మీద మూడు ఈనెలు నిలువుగా కనిపిస్తాయి. తరవాత పూలు చూడండి. కొమ్మ చివర కాదు, ఆకు మొదట్లోనే గుత్తులుగా పూస్తాయి. పువ్వు తెల్లగా, చిన్న గొట్టంలాగా ఉండి, అంచున అయిదు రేకులుగా విచ్చుకుంటుంది. లోపల కేసరాలు కూడా అయిదే. విచ్చని మొగ్గను చూస్తే, ముడిచిన గొడుగు గుడ్డలాగా రేకులు ఒకదానిపై ఒకటి మెలితిరిగి ఉంటాయి.

“నమిలి చూస్తే సరి! చేదుగా ఉంటే అదే!” అని ఎవరైనా అనవచ్చు. నిజమే, ఇది మహా చేదు. కాని నేలవేము కూడా చేదే! రెండింటినీ మందుల్లో వాడతారు గనుక, ఒకటి తేబోయి మరొకటి తెస్తే చిక్కే. చేదు మనకు దారి చూపదు; పువ్వు చూపుతుంది. నేలవేము పువ్వుకు పెదవుల్లాగా రెండు భాగాలుంటాయి, వాటి మీద ఊదారంగు మచ్చలుంటాయి, కేసరాలు రెండే. అది అడ్డసరం కుటుంబానికి చెందిన మొక్క. కనుక తెలియని మొక్కను ఎన్నడూ నోట పెట్టకండి. కళ్ళతో లెక్కపెట్టండి, చాలు.

మరి నేలగులిమిడిది ఏ కుటుంబం? శాస్త్రజ్ఞులు దాన్ని జెన్షియన్ కుటుంబం అంటారు. ఇల్లీరియా అనే దేశాన్ని ఏలిన జెన్షియస్ రాజు పేరు మీదుగా ఆ పేరు వచ్చింది. క్రీ.పూ. 168లో రోము సైన్యం అతణ్ణి ఓడించింది. అతని రాజ్యం పోయింది గాని, అతని పేరు మాత్రం మొక్కల్లో నిలిచిపోయింది! హిమాలయాల్లో పెరిగే చిరాయతా కూడా ఈ కుటుంబానిదే. అందుకే ఉత్తరాదివారు మన నేలగులిమిడిని ‘ఛోటా చిరాయతా’ అంటారు.

చెరువు నీటి మీద చిన్న తామరాకుల వంటి ఆకులతో, నూగు నిండిన తెల్లని రేకులతో ఇంకొక పువ్వు తేలుతూ ఉంటుంది. నింఫాయిడిస్ అని దాని పేరు. పూర్వం దాన్నీ ఈ కుటుంబంలోనే చేర్చారు. తరవాత బాగా పరిశీలించి, వేరే కుటుంబంలో పెట్టారు. పెద్ద పెద్ద పండితులు కూడా మొక్కను మళ్ళీ మళ్ళీ చూసి, తమ లెక్క సరిదిద్దుకుంటారన్నమాట.

ఈసారి వానలు వెలిశాక పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని మీ ఊరి చెరువు గట్టుకు వెళ్ళండి. ఒక నోటుపుస్తకం, పెన్సిలు చాలు. మొక్కను పీకవద్దు. చెరువు అంచు పూడ్చి చదును చేసినచోట ఆ చెమ్మ ఉండదు, దాన్ని నమ్ముకున్న మొక్కలూ ఉండవు. కాబట్టి ఉన్నవాటిని ఉన్నచోటే ఉంచి, బొమ్మ గీసుకోండి. ఆకులు ఎలా పుట్టాయి, ఈనెలు ఎన్ని, రేకులు ఎన్ని, కేసరాలు ఎన్ని — ఈ నాలుగూ రాసుకుంటే, అది నేలగులిమిడో కాదో మీరే తేల్చగలరు.