రెడ్‌మండ్‌లో ఆటకీ ర్యాంపు వేశారు!

రెడ్‌మండ్ అనగానే మన ఇళ్లలో గుర్తొచ్చేవి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, వీసా, అక్కడ సెటిలైన పెదనాన్నగారబ్బాయి. గేమ్స్ పిచ్చి ఉన్నవాళ్లకి మాత్రం ఈ ఊరు వేరే లెక్క. ఎక్స్‌బాక్స్ పుట్టింది ఇక్కడే. నింటెండో అమెరికా ఆఫీసు ఇక్కడే. గేమ్స్ తయారీని డిగ్రీగా నేర్పే డిజిపెన్ కాలేజీ కూడా ఇక్కడే. పక్కనున్న బెల్‌వ్యూకి వెళ్తే వాల్వ్, బంజీ.

సియాటెల్ నుంచి బస్సులో వస్తే దారిలో వాషింగ్టన్ సరస్సు మీద ఓ వంతెన దాటాలి. అది స్తంభాల మీద కాదు, నీళ్ల మీద తేలుతూ నిలబడుతుంది. పొడవు 7,700 అడుగుల పైమాటే. ప్రపంచంలో తేలే వంతెనల్లో ఇదే పొడవైనది. అటు దిగాక అంతా పచ్చటి చెట్లు, చలికాలమంతా వదలని సన్నటి ముసురు.

ఊళ్లో తిరిగేటప్పుడు కాస్త కిందికి చూడండి. ఫుట్‌పాత్ రోడ్డుని కలిసే చోట మెట్టు ఉండదు, వాలు ఉంటుంది. చూపు లేనివాళ్ల కాలికి తెలిసేలా అక్కడ బొడిపెల పలకలు పరిచి ఉంటాయి. బస్సు ఆగితే ర్యాంపు బయటికి వస్తుంది. దీని వెనక 1990లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం ఉంది. చక్రాల కుర్చీ కోసం వేసిన ఆ వాలునే పసిపిల్లల బండి తోసుకెళ్లే తల్లీ, సూట్‌కేసు లాక్కెళ్లే కుర్రాడూ వాడుకుంటున్నారు.

అదే ఆలోచన ఈ ఊళ్లో ఆటల్లోకీ వచ్చింది.

మామూలు గేమ్ కంట్రోలర్‌ని రెండు చేతులతో గట్టిగా పట్టుకోవాలి. పది వేళ్లూ చురుగ్గా కదలాలి. యుద్ధంలో చెయ్యి పోయిన సైనికుడు ఏం చేయాలి? వార్‌ఫైటర్ ఎంగేజ్డ్ అనే స్వచ్ఛంద సంస్థ అలాంటి వాళ్ల కోసం కంట్రోలర్లని విప్పి, ఒక్కొక్కరి ఒంటికి తగ్గట్టు చేత్తో మార్చి ఇచ్చేది. 2015లో మైక్రోసాఫ్ట్ ఉద్యోగులు కొందరు, విప్పే అవసరమే లేకుండా ఒకటి చేస్తే పోలా అనుకుని పని మొదలెట్టారు. 2018 సెప్టెంబరులో ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలర్ అమ్మకానికొచ్చింది. అప్పటి ధర సుమారు 100 డాలర్లు.

చూడ్డానికి తెల్లటి పలక, మీద అరచెయ్యంత నల్ల బటన్లు రెండు. అసలు సంగతి వెనకుంది. అక్కడ వరసగా 19 జాక్ రంధ్రాలు. మామూలు కంట్రోలర్‌లోని ఒక్కో బటన్‌కీ ఒక్కో రంధ్రం. కాలితో తొక్కే పెడల్, తల పక్కన పెట్టుకునే బటన్, మోచేత్తో నొక్కే స్విచ్, ఎవరికి ఏది కదిలితే అది తగిలించుకోవచ్చు. చివరికి అట్టపెట్టెని కూడా వదల్లేదు. చేతులు సహకరించనివాళ్లు పెట్టెల్ని పళ్లతో చింపుకోవాల్సి వస్తోందని తెలుసుకుని, చెయ్యి దూర్చి లాగితే తెరుచుకునేలా ఉంగరాల్లాంటి పట్టీలు పెట్టారు.

ఆ కంపెనీని నడుపుతున్న సత్య నాదెళ్ల మన బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివినవాడే. ఆయన కొడుకు జైన్ సెరిబ్రల్ పాల్సీతో పుట్టాడు, 2022లో చనిపోయాడు. ఆ బిడ్డని పెంచడం తన చూపునే మార్చిందని ఆయన తన పుస్తకంలో రాసుకున్నారు.

చేతుల సంగతి సరే, కళ్లు లేకపోతే? రెడ్‌మండ్‌లోనే ఉన్న టర్న్ 10 స్టూడియో 2023లో ఫోర్జా మోటార్‌స్పోర్ట్ అనే కార్ల రేసు తెచ్చింది. మలుపు ఎటు వస్తోంది, బ్రేక్ ఎప్పుడు వేయాలి, ట్రాక్ అంచు ఎంత దగ్గరుంది, అన్నీ శబ్దాలతోనే చెబుతుంది. చూపు లేనివాళ్లు స్టీరింగ్ తిప్పుతారు, గెలుస్తారు కూడా.

ఇక్కడో చేదు నిజం కూడా చెప్పుకోవాలి. కంట్రోలర్ ఒక్కటీ కొంటే సరిపోదు. దానికి తగిలించే స్విచ్‌లు విడిగా కొనాలి, అవీ ఖరీదే. మన మధ్యతరగతి ఇంటికి ఇది చిన్న ఖర్చు కాదు.

కానీ ఆ వెనకున్న రంధ్రాలేంటో తెలుసా? మన పాత ఇయర్‌ఫోన్ పిన్ను సైజే, 3.5 మిల్లీమీటర్లు. స్విచ్ అంటే లోపల రెండు తీగలు కలవడమే. ఒక పుష్ బటన్, ఒక జాక్, మూరెడు వైరు, కాస్త సోల్డరింగ్ వస్తే చాలు. ఈ సామానంతా హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో దొరుకుతుంది. ఈ కంట్రోలర్ విండోస్ కంప్యూటర్‌తోనూ పనిచేస్తుంది. కాలేజీ ప్రాజెక్టు కోసం ఐడియా వెతుక్కుంటున్న ఇంజినీరింగ్ పిల్లలూ, వింటున్నారా?

అంత దూరం ఎందుకు, మీ చేతిలోని ఫోన్‌తోనే మొదలెట్టొచ్చు. ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ తెరిస్తే తెర తాకకుండా బటన్లతో నడిపే స్విచ్ యాక్సెస్, రంగులు గుర్తుపట్టలేనివాళ్ల కోసం కలర్ కరెక్షన్ ఉంటాయి. చాలా గేమ్స్‌లో బటన్ల సైజు పెంచుకోవచ్చు, చోటు మార్చుకోవచ్చు.

మన దగ్గర 2016 చట్టం 21 రకాల వైకల్యాల్ని గుర్తించింది. ఇంటికొచ్చిన చుట్టాలు ఆ పిల్లాడిని చూసి పింఛను వస్తోందా అని అడుగుతారు, సర్టిఫికెట్ అయిందా అని అడుగుతారు. ఏం ఆట ఆడుతున్నావురా అని ఒక్కరూ అడగరు. తోటి పిల్లలంతా గుంపుగా ఆడుతుంటే పక్కన కూర్చుని చూడ్డమే వాడి వంతు. ఈసారి సెలవులకి వెళ్లినప్పుడు ఓ అరగంట వాడి పక్కన కూర్చుని, వాడికి ఏ వేలు కదులుతుందో, ఏ రంగు కనబడుతుందో కనుక్కుని ఆ సెట్టింగ్స్ మార్చి ఇవ్వండి. ఆ తర్వాత వాడి చేతిలో ఓడిపోవడానికి సిద్ధంగా ఉండండి!