తలకట్టు చివర వ్రాయవలెను

ఈ మధ్య ఇంటింట కనబడుచున్న చుక్కల అక్షరముల పుస్తకమును చూచినప్పుడెల్ల నా మనస్సు చివుక్కుమనును. అందులో 'గ' చుక్కలు చుక్కలుగా అచ్చుపడి యుండును. వానిని కలుపుటయే బిడ్డ పని. ఏ చుక్క మొదటిదో, చేయి ఎటు సాగవలెనో ఆ పుస్తకము చెప్పదు. ఇచ్చట పొన్నూరులో మా పొరుగింటి పాప ముందుగా తలకట్టు గీసి, పిమ్మట కుడికాలును క్రిందినుండి పైకి లాగి, దానికి ఎడమకాలు అతికించినది. మెచ్చుకోలుగా బడివారు ఆ పుటమీద నక్షత్రపు స్టిక్కరు అంటించిరి. చివరకు కనబడునది 'గ'యే కదా, గీత ఎటునుండి వచ్చిననేమి అని వారి వాదము. ఈ వాదమునకు నేను ససేమిరా ఒప్పుకొనను.

మన లిపిలో తలకట్టు వట్టి అలంకారము కాదు. గుడి కట్టితిమా, అది తొలగి 'గి' అగును. ఎత్వమిచ్చితిమా, అప్పుడును తొలగి 'గె' అగును. కొమ్మిచ్చి 'గు' అన్నప్పుడు మాత్రము తన చోట తాను నిలుచును. కావున హల్లు దేహమును ముందు నిలిపి, ఏ అచ్చు పలుకవలెనో మనసున నిశ్చయించుకొని, ఆ పిమ్మటనే నెత్తిమీది చోటును పూరించుట తెలుగు వ్రాతకు సహజమైన క్రమము. తలకట్టుతో ఆరంభించిన బిడ్డ 'గ' వరకు నిరాటంకముగా నడచి, గుణింతము వచ్చినంతనే తడబడును. పెట్టినదానిని చెరిపి గుడి కట్టవలెను గదా! తలకట్టు లేని ఖ, జ, ట, ణ, బ, ల లకు సైతము నెత్తిన ఒక గీత తగిలించు దురభ్యాసమునకు మూలము ఇదియేనని నా దృఢవిశ్వాసము.

ఈ విషయమున చీనావారి పట్టుదల నాకు పరమాదరణీయము. అడ్డగీత ముందు, నిలువుగీత పిమ్మట. పైది ముందు, క్రిందిది పిమ్మట. ఎడమది ముందు, కుడిది పిమ్మట. దేశమను అర్థమిచ్చు వారి అక్షరము నలువైపుల మూసినట్టిది. దానికి మూడు గోడలు నిలిపి, లోపలి భాగము సాంతముగా వ్రాసి, అడుగుగీతతో కడపట మూయుదురు. ముందు లోనికి పోయి తరువాత తలుపు వేయవలెనని అచ్చటి పిల్లలకు గురువులు చెప్పుదురు. 1997లో ఆ ప్రభుత్వము 7000 అక్షరములకు గీతల వరుసను నిర్ణయించి ప్రకటించినది. ఇది చాదస్తము కానేకాదు. కుంచె వడిగా సాగునప్పుడు గీతలు ఒకదానితో నొకటి కలిసిపోవును. ఏ గీత తరువాత ఏది వచ్చునో వ్రాసినవానికిని చదువువానికిని ఏకాభిప్రాయ మున్నగాని ఆ వ్రాత చదువుటకు వీలు పడదు.

మన కరణముల గొలుసుకట్టు వ్రాత గుర్తున్నవారికి ఈ మాట వేరుగా చెప్పనక్కరలేదు. 1984లో కరణీకములు రద్దగువరకు మా తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతపు పొలములన్నియు ఆ వ్రాతలోనే బ్రదికినవి. కలము ఎత్తకుండ, అక్షరమునుండి అక్షరమునకు జారుచు, సర్వే నంబరు, విస్తీర్ణము, నాలుగు హద్దులు ఒక్క ఊపులో సాగిపోవును. మా యింటి పాత దస్తావేజులో 'తూర్పు' అను మాటయందు 'త' తలకట్టు చివరినుండి బయలుదేరిన తోక దిగువకు మలగి కొమ్ముదీర్ఘమై, అచ్చటినుండియే 'ర'ను అందుకొనును. తలకట్టు ముందు పెట్టు చేతికి ఆ దారి లేదు. ఇసుక పరచిన పళ్లెములో నా చూపుడువ్రేలు పట్టి దిద్దించిన పంతులుగారు, గీత తప్పు దిక్కున బయలుదేరినచో మాట్లాడక ఇసుక చదును చేసి మరల మొదటినుండి పట్టించెడివారు. రూపము ఎంత చక్కగా కుదిరినను ఆయన లెక్కపెట్టలేదు. ఆ చేతి చలువవలననే నేడు నేను ఆ దస్తావేజును గడగడ చదువగలుగుచున్నాను; పట్టభద్రులైన మా యింటి యువకులు దానిని తిరగేసి మరగేసి చూచి నా చేతికే తిరిగి ఇచ్చుచున్నారు.

అక్షరమనిన ఈ నేలకు క్రొత్త గాదు. మాకు తూర్పున, తెనాలి-రేపల్లె రైలుదారిలోనున్న భట్టిప్రోలులో 1892లో అలెగ్జాండర్ రే త్రవ్వించిన స్తూపమున ధాతుకరండములు దొరకినవి. వానిపై క్రీస్తుపూర్వపు బ్రాహ్మీలిపి శాసనములు కలవు. అశోకుని 'మ' అందు తలక్రిందులై యుండును. అంతకన్న విశేషము, అశోకుని లిపిలో దీర్ఘాకారమునకు గుర్తైన గీత అచ్చట హ్రస్వాకారమునకు వాడబడినది. నేటి తలకట్టు దానినుండియే పుట్టినదని నేననుట లేదు. హల్లుపై 'అ' ఉన్నదని చెప్పుటకు ప్రత్యేకముగా ఒక గీత కావలెనన్న ఆలోచన మా ప్రాంతమున అంత ప్రాచీనమైనదని మాత్రమే నా మాట.

తల్లిదండ్రులారా, గీత ఎచ్చట మొదలై ఎటు పోవునో బాణపు గుర్తులతో చూపిన పుస్తకమునే మీ పిల్లలకు కొనుడు. అట్టిది దొరకనిచో పళ్లెమున ఇసుక పోసి, ప్రక్కన కూర్చుండి, చేయి పట్టి మీరే దిద్దింపుడు. తలకట్టును మాత్రము చివరకు ఉంచుడు.