పాలు కారితే నానబాలు

ఆగస్టులో బడి తెరిచాక రెండో బుధవారం మా అమ్మని కూడా తోటకు తీసుకెళ్లాను. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో మా అబ్బాయి చదివే ప్రాథమిక పాఠశాల వెనక, చెక్క పెట్టెల్లో మట్టి పోసి చేసిన తొమ్మిది మడులున్నాయి. వారానికి ఒక గంట అక్కడ పిల్లలతో పని చేయించడం నా వంతు. అమ్మ సూర్యాపేట పక్క పల్లె నుంచి ఆరు నెలలు ఉందామని వచ్చింది. ఆఫీసులో పేరు రాసి, చీర కొంగుకి విజిటర్ స్టిక్కర్ అంటించుకుని నడిచింది.

ఇక్కడి బడి తోటలన్నిటికీ ఒకే కష్టం. పిల్లలు ఏప్రిల్, మే నెలల్లో టమాటా, మొక్కజొన్న, గుమ్మడి పెడతారు. అవి కాపుకొచ్చే వేళకి సెలవులు. తిరిగొచ్చేసరికి సగం ఎండి, మిగతా సగం కలుపుతో నిండి ఉంటుంది. ఆ రోజు మూడో తరగతి పిల్లలకు కలుపు తీసే పని చెప్పారు. పీకిందంతా బాట పక్కన కుప్ప పోస్తున్నారు.

అమ్మ ఆ కుప్ప దగ్గర కూర్చుండిపోయింది. ఎర్రటి కాడ, దళసరి చిన్న ఆకులు. "అయ్యో, గిది పడేస్తున్రా? గంగవాయిలి కూర బిడ్డా ఇది!" అంది. ఆకు తుంచి నోట్లో వేసుకుంది. చుట్టూ చేరిన పిల్లలు నా వంక చూశారు. ఇంగ్లీషులో దాన్ని పర్స్‌లేన్ అంటారని, ఇక్కడ కలుపు లెక్కన పీకేస్తారని నాకు తెలుసు. మా ఊళ్లో పప్పులో వేసేదీ ఇదేనని మాత్రం ఇక్కడున్న పదిహేనేళ్లలో ఒక్కసారీ తట్టలేదు.

కానీ అదే కుప్పలో, నేలకి అంటుకుని అలాగే పాకే ఇంకో మొక్క ఉంది. అమ్మ రెండూ చెరో చేత్తో పట్టుకుని కాడలు తుంచి చూపించింది. ఒకదాన్నుంచి తెల్లగా పాలు కారాయి. "పాలు కారినయా, ఇది నానబాల జాతి, తినొద్దు. పాలు రాకుంటే కూర." నేను ఇంగ్లీషులో చెప్పాను. తర్వాత అరగంట పిల్లలు ప్రతి కాడా తుంచి, పాలు చూసి రెండు కుప్పలు వేశారు. ఒక పాప తన కుప్పని నాలుగుసార్లు తిరగేసి సరిచూసుకుంది. తెలియని మొక్క నోట్లో పెట్టకూడదన్నది పాఠంలో చెప్పే మాటే. ఎందుకు పెట్టకూడదో వేళ్ల మీద జిగురుగా తగిలింది ఆ రోజే.

అమ్మ వచ్చిన ఏప్రిల్ నెలలోనే ఇంకో ముచ్చట జరిగింది. చలికాలమంతా మడులు ఖాళీగా ఉంచకుండా ఫావా చిక్కుళ్లు వేస్తాం. పూతకి రాగానే కోసి మట్టిలో కలిపేస్తాం. ఆ సంగతి ఇంట్లో చెబితే, "మన జనుము, జీలుగ లెక్కనే. పూత మీదనే దున్నాలె, కాయ పట్టినంక దున్నితే ఏం లాభం?" అంది. బడిలో ఒక మొక్కని వేళ్లతో సహా పెకలించి, వేరు మీది బుడిపెని గోటితో చీల్చి చూపించాం. లోపల గులాబీ రంగు. మన నెత్తురుని ఎర్రగా చేసే పదార్థానికి దగ్గరి చుట్టం అది. ఆ బుడిపెల్లో ఉండే బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకి అందిస్తుంది. "మొక్కకి రక్తం ఉంటుందా?" అని మావాడు అడిగాడు. ఆ ప్రశ్న రావాలనే నేను బుధవారాలు సెలవు పెడతాను.

తోట చూసిన రోజు, ఇంత జాగా ఉంటే మట్టి పెట్టెల్లో పోసుడేందని అమ్మ అడిగింది. 1978కి ముందు అమెరికాలో కట్టడాలకి సీసం కలిసిన రంగులు వేసేవారు. గోడల నుంచి రాలిన ఆ పొడి పక్క నేలలో దశాబ్దాలు నిలిచిపోతుంది. అందుకే పాత కట్టడాల పక్కన పరీక్ష చేయనిదే నేలలో కూరలు వేయరు. అమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. నేలకి అలాంటి జబ్బు రావడం ఆమెకి కొత్త.

మాకు ఉత్తరాన బర్క్‌లీలో ఇలాంటి ఒక బడి తోట 1995లో మొదలైంది. షే పనీస్ రెస్టారెంట్ స్థాపించిన ఆలిస్ వాటర్స్ అక్కడి మార్టిన్ లూథర్ కింగ్ జూనియర్ మిడిల్ స్కూల్‌లో ఎకరం తోట వేయించారు. తారు పెళ్లగించాక ముందు వేసింది కూరగాయలు కాదు, పచ్చిరొట్ట. పండించింది పిల్లలే బడి వంటగదిలో వండుకుంటారు. ఆ ఏడాదే రాష్ట్ర విద్యాశాఖాధిపతి డెలేన్ ఈస్టిన్ బడికో తోట ఉండాలని పిలుపునిచ్చారు.

ఈ తోట గంటలో లెక్కలు చెప్పించొచ్చు కదా అని మనవాళ్లే కొందరు నన్నడిగారు. గాజు సీసాలో మూడో వంతు మట్టి వేసి, నీళ్లు పోసి, బాగా కుదిపి పెడితే ఇసుక నిమిషంలో దిగుతుంది. ఒండ్రు గంటల్లో, బంకమట్టి ఒకటి రెండు రోజుల్లో. ఆ పొరల్ని స్కేలుతో కొలిచి పిల్లలు శాతాలు కడతారు. అదీ లెక్కే. అయినా నా బాధ అది కాదు. నేను చదివిన బడి గోడ అవతలే చెల్క. లోపల కూర్చుని "నేలలు - రకాలు" పాఠాన్ని కంఠస్థం చేశాం. చెల్కకీ రేగడికీ తేడా పిడికిట్లో పట్టి చెప్పగల మా అమ్మని ఏ మాస్టారూ పిలిచి అడగలేదు. మట్టి అంటకుండా బతకాలని ఆమె నన్ను చదివించింది. నేను కూడా ఆమెని ఏమీ అడగకుండానే విమానమెక్కాను.

అమ్మ సెప్టెంబరు చివర వెళ్లిపోయింది. నాలుగో మడి మూలన ఒక గంగవాయిలిని గింజ కోసం వదిలేశాం. పీకొద్దని పిల్లలు అట్టముక్క మీద తమకి వినపడినట్టు దాని పేరు రాసి గుచ్చారు. నిన్న కాయ మూత విప్పితే ఇసుక రేణువుల్లాంటి నల్లటి గింజలు అరచేతిలో పడ్డాయి. కాగితంలో పొట్లం కట్టి, తేదీ వేసి, తోట షెడ్డులో పెట్టాం.